ఐ7 స్టిక్కర్ చూసి కొంటున్నారా? పక్కనున్న అంకె చదివారా?

పాత ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఎక్కువమంది ఐ5 కన్నా ఐ7 మేలనుకుని డబ్బు కట్టేస్తారు. అన్నిసార్లూ అది నిజం కాదు. బాగా అమ్ముడయ్యే రెండు పాత ప్రాసెసర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

డిగ్రీ, బీటెక్ ఆఖరి ఏడాదికి వచ్చేసరికి ల్యాప్‌టాప్ లేకుండా గడవదు. ఆన్‌లైన్ పరీక్షలు, కోడింగ్ సాధన, ప్రాజెక్టు, వీడియో ఇంటర్వ్యూ అన్నీ దాని మీదే. కొత్తది కొనాలంటే ఇంట్లో అడగడానికి మొహమాటం. అందుకే చాలామంది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకో, తమ ఊళ్లోని సెకండ్ హ్యాండ్ షాపుకో వెళ్తారు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు అక్కడికి వస్తాయి. తుడిచి, సరిచేసి, ‘రీఫర్బిష్డ్’ పేరుతో అమ్ముతారు. గట్టిగా ఉంటాయి, కీబోర్డు బాగుంటుంది. వీటిని కొనడంలో తప్పేమీ లేదు.

చిక్కల్లా ఎంపికలోనే. షాపతను రెండు ల్యాప్‌టాప్‌లు మీ ముందు పెట్టాడనుకుందాం. ఒకదానిలో ఇంటెల్ కోర్ ఐ7-7500యు ఉంది, రెండోదానిలో ఐ5-8250యు. ర్యామ్ ఒకటే, ఎస్‌ఎస్‌డీ ఒకటే. ధర కూడా కొంచెం అటూ ఇటూగా ఉంది. ‘ఐ7 తీసుకోండి సర్, హై ఎండ్’ అంటాడతను. పక్కనున్న ఫ్రెండ్ కూడా తలూపుతాడు. మీరైతే ఏది తీసుకుంటారు?

ఐ5-8250యు తీసుకోవడమే మంచిది. ఎందుకో తెలుసుకుంటే ఈ రెండింటి మధ్యే కాదు, ఇకపై ఏ షాపులో ఏ రెండు ల్యాప్‌టాప్‌లు చూపించినా మీరే తేల్చుకోగలరు.

రెండూ పక్కపక్కన

ఇంటెల్ ప్రకటించిన వివరాలు ఇవి.

ఐ7-7500యు
• వచ్చిన ఏడాది: 2016
• తరం: ఏడు, కేబీ లేక్
• కోర్లు: 2, థ్రెడ్లు: 4
• బేస్ వేగం: 2.7 గిగాహెర్ట్జ్
• గరిష్ఠ టర్బో వేగం: 3.5 గిగాహెర్ట్జ్
• క్యాష్ మెమొరీ: 4 ఎంబీ
• విద్యుత్ పరిమితి: 15 వాట్లు
• గ్రాఫిక్స్: హెచ్‌డీ 620

ఐ5-8250యు
• వచ్చిన ఏడాది: 2017
• తరం: ఎనిమిది, కేబీ లేక్ రిఫ్రెష్
• కోర్లు: 4, థ్రెడ్లు: 8
• బేస్ వేగం: 1.6 గిగాహెర్ట్జ్
• గరిష్ఠ టర్బో వేగం: 3.4 గిగాహెర్ట్జ్
• క్యాష్ మెమొరీ: 6 ఎంబీ
• విద్యుత్ పరిమితి: 15 వాట్లు
• గ్రాఫిక్స్: యూహెచ్‌డీ 620

మొదటిసారి చూసినవాళ్లను ఇందులో బేస్ వేగం తికమక పెడుతుంది. 2.7 ఎక్కడ, 1.6 ఎక్కడ! ఐ7 దాదాపు రెట్టింపు వేగమేమో అనిపిస్తుంది. కొందరు అమ్మకందారులు చూపించేది కూడా ఈ ఒక్క అంకెనే. అసలు విషయం దాని పైవరుసలో ఉంది. ఐ7లో రెండు కోర్లే, ఐ5లో నాలుగు.

ఐ7 అంటే అసలేంటి?

ఐ3, ఐ5, ఐ7 అన్నవి ర్యాంకుల్లాంటివి. ఒకే తరంలో, ఒకే రకం చిప్‌లను పోల్చుకోవడానికే అవి పనికొస్తాయి. మీ కాలేజీలో 2016 బ్యాచ్ ఫస్ట్ ర్యాంకునూ 2017 బ్యాచ్ మూడో ర్యాంకునూ చూసి ఎవరు మెరుగో చెప్పగలమా? పరీక్ష పేపరే వేరు కదా. ఇదీ అంతే.

కాబట్టి పేరంతా చదవాలి. 7500లో మొదటి అంకె 7 కాబట్టి ఏడో తరం. 8250లో మొదటిది 8 కాబట్టి ఎనిమిదో తరం. పదో తరం నుంచి మొదటి రెండు అంకెలు చూడాలి. 10210యు అంటే పదో తరం, 1135జీ7 అంటే పదకొండో తరం. మిగతా అంకెలు ఆ తరంలో ఆ మోడల్ స్థాయిని చెబుతాయి.

చివరి అక్షరాన్నీ వదిలేయొద్దు. ఈ తరాల్లో ‘యు’ అంటే సన్నటి ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన, తక్కువ విద్యుత్ వాడే చిప్. ‘హెచ్‌క్యూ’ అంటే బరువైన పనుల కోసం చేసిన నాలుగు కోర్ల చిప్. అందుకే ఐ7-7700హెచ్‌క్యూ అదే ఏడో తరానిదైనా దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉంటాయి. విద్యుత్ పరిమితి 45 వాట్లు. ‘ఏడో తరం ఐ7’ అని మాత్రమే చెబితే ఏ చిప్ గురించో తెలియదన్నమాట. ప్రకటనలో అంతే రాసి ఉంటే పూర్తి నంబరు అడగాల్సిందే.

2017 ఎందుకంత ముఖ్యం?

ఏడో తరం దాకా ‘యు’ రకం చిప్‌లలో ఐ5 అయినా, ఐ7 అయినా రెండే కోర్లు. మధ్య తేడా కాస్త వేగం, కాస్త క్యాష్ మెమొరీ. 2017 ఆగస్టులో ఎనిమిదో తరం ‘యు’ చిప్‌లు ప్రకటించినప్పుడు ఇంటెల్ ఐ5కీ, ఐ7కీ నాలుగేసి కోర్లు ఇచ్చింది. అదే ఏడాది మార్చిలో ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లు మార్కెట్లోకి వచ్చి పోటీ పెంచాయి. గత తరంతో పోలిస్తే పనితీరు 40 శాతం వరకు పెరిగిందని ఇంటెల్ అప్పట్లో చెప్పుకుంది.

గమనించాల్సింది ఇంకోటుంది. రెండు చిప్‌లలోనూ కోర్ లోపలి డిజైన్ దాదాపు ఒకటే. తయారీ కూడా 14 నానోమీటర్ల పద్ధతిలోనే. అంటే ఒక్కో కోర్‌ను విడిగా తీసుకుంటే పెద్ద తేడా లేదు. తేడా అంతా అలాంటి కోర్లు ఎన్ని ఉన్నాయన్న దగ్గరే.

టిఫిన్ సెంటర్ లెక్క

కోర్‌ను దోసె మాస్టర్ అనుకోండి. 7500యు అంటే ఇద్దరు మాస్టర్లున్న టిఫిన్ సెంటర్. 8250యు అంటే నలుగురున్నది. థ్రెడ్ అంటే? ఒక్కో మాస్టరు రెండు పెనాలు చూసుకోవడం. ఒకదానిపై దోసె కాలుతుండగా రెండోదానిపై పిండి పోస్తాడు. చేతులు రెండే కాబట్టి పని రెట్టింపు కాదు, ఖాళీగా నిలబడే సమయం మాత్రం తగ్గుతుంది.

పొద్దున్నే ఒక్కడొచ్చి ఒక్క దోసె అడిగాడు. ఇద్దరున్నా, నలుగురున్నా ఆ దోసె ఒకే సమయంలో వస్తుంది. ఒక దోసెను నలుగురు వేయలేరు కదా. ఇంకా చెప్పాలంటే ఐ7 మాస్టరు చెయ్యి కాస్త చురుకు. 3.5 గిగాహెర్ట్జ్‌కూ 3.4కూ తేడా దాదాపు 3 శాతం. చేత్తో వాచీ పట్టుకుని కూర్చున్నా మీకు తెలియదు.

ఎనిమిదింటికి కాలేజీ బస్సు ఆగి ఇరవై మంది దిగారు. ఇప్పుడు చూడాలి నలుగురు మాస్టర్ల అవసరం!

మరి బేస్ వేగం 1.6కి ఎందుకు తగ్గింది? రెండు హోటళ్లకూ వచ్చే గ్యాస్ ఒకటే, 15 వాట్లు. నలుగురూ అన్ని పొయ్యిలూ పెద్ద మంట పెట్టి గంటలకొద్దీ వేస్తే గ్యాస్ సరిపోదు, వంటిల్లు వేడెక్కిపోతుంది. అందుకే మంట తగ్గించుకుంటారు. అలా ఎడతెరిపి లేని పనిలోనూ హామీగా ఇచ్చే వేగమే బేస్ వేగం. పని తక్కువున్నప్పుడు, లేదా కాసేపు ఉండే పనిలో, చిప్ టర్బో వేగానికి ఎగబాకుతుంది. రోజువారీ వాడకంలో మీరు ఎక్కువగా చూసేది దాన్నే. కాబట్టి 1.6 అన్న అంకెను చూసి భయపడక్కర్లేదు.

మంట తగ్గించినా నలుగురి పని ఇద్దరి పనికన్నా ఎక్కువే. అన్ని కోర్లూ వాడుకునే పనుల్లో 8250యు దాదాపు ఒకటిన్నర రెట్లు పని చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్, చల్లబరిచే ఏర్పాటు బాగుంటే ఇంకాస్త ఎక్కువ కూడా. మరీ పలచటి ల్యాప్‌టాప్‌లో ఈ లాభం కొంత తగ్గుతుంది.

మీ పనికి తేడా తెలుస్తుందా?

ఇది మీరు వెళ్లాలనుకుంటున్న ఉద్యోగాన్ని బట్టి ఉంటుంది.

ఎంఎస్ ఆఫీస్, ట్యాలీ, టైపింగ్, ఆప్టిట్యూడ్ సాధన: తేడా పెద్దగా తెలియదు. రెండూ చాలు.

యూట్యూబ్ పాఠాలు: ఇక్కడా సమానమే. రెండింటి గ్రాఫిక్స్ పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా లోపల ఉన్నది దాదాపు ఒకటే. వీడియోను తెరపై చూపించే పని ఎక్కువగా అదే చూసుకుంటుంది.

సీ, జావా, పైథాన్ ప్రాథమిక ప్రోగ్రామ్‌లు: మామూలు పైథాన్ ప్రోగ్రామ్ ఒకసారికి ఒక కోర్‌నే వాడుకుంటుంది. లీట్‌కోడ్, హ్యాకర్‌ర్యాంక్ లాంటి సైట్లలో అయితే మీ కోడ్ నడిచేది వాళ్ల సర్వర్ల మీద. కాబట్టి వీటికీ రెండూ ఒకటే.

వెబ్ డెవలప్‌మెంట్: ఇక్కడ తేడా మొదలవుతుంది. ఒకపక్క వీఎస్ కోడ్, ఇంకోపక్క నోడ్ సర్వర్, డేటాబేస్, పాతిక ట్యాబులు తెరిచిన క్రోమ్. ఒక్కోటీ చిన్న పనే, అన్నీ కలిస్తే బస్సు దిగిన జనం.

ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్, వర్చువల్ మెషీన్: తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రాజెక్టును బిల్డ్ చేసేటప్పుడు పనిని ముక్కలు చేసి కోర్లన్నింటికీ పంచుతారు. ఇక్కడ ప్రాసెసర్‌తో పాటు ర్యామ్ కూడా ముఖ్యం. ఆండ్రాయిడ్ స్టూడియోకు 8 జీబీ, ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 జీబీ ర్యామ్ ఉండాలని గూగుల్ చెబుతోంది.

మెషీన్ లెర్నింగ్: చిన్న డేటాతో నేర్చుకోవడానికి 8250యు మెరుగు. డీప్ లెర్నింగ్ మోడళ్లకు శిక్షణ ఇవ్వాలంటే మాత్రం ఈ రెండూ సరిపోవు. గూగుల్ కోల్యాబ్ లాంటి ఉచిత సేవను బ్రౌజర్‌లో వాడుకోండి. ఆ పని కోసమని పాత ఐ7 కొనడం డబ్బు దండగ.

వీడియో ఇంటర్వ్యూ: అసలు పరీక్ష ఇదే. కెమెరా ఆన్, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్, స్క్రీన్ షేర్, దాని మీద ఎడిటర్‌లో కోడ్ రాయడం, రన్ చేయడం... అన్నీ ఒకేసారి. ఇద్దరు మాస్టర్లతో ఇది జరగదని కాదు. జరుగుతుంది, కానీ పెద్దగా వెసులుబాటు ఉండదు. ఆ సమయంలోనే వెనకాల యాంటీవైరస్ స్కాన్ మొదలైతే మీ గొంతు తెగిపోవచ్చు, తెర ఆగిపోవచ్చు. నలుగురుంటే ఒకడు ఆ పని చూసుకుంటాడు, మిగతావాళ్లు మీతో ఉంటారు.

విండోస్ 11 గీసిన గీత

వేగం సంగతి పక్కన పెట్టినా, ఈ రెండు చిప్‌ల మధ్య ఇంకో పెద్ద తేడా ఉంది. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకొన్న ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా ప్రధానంగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. 2021 ఆగస్టులో ఏడో తరాన్ని మరోసారి పరిశీలించినా చాలా కొద్ది మోడళ్లనే చేర్చింది. వాటిలో 7500యు లేదు. 8250యు జాబితాలో ఉంది. దాదాపు ఒకే డిజైన్, ఏడాది తేడా. గీతకు ఒకటి ఇటు, ఒకటి అటు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత కంప్యూటర్ల కోసం ప్రకటించిన అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం గడువు 2026 అక్టోబరు 13. అప్‌డేట్లు ఆగినంత మాత్రాన ల్యాప్‌టాప్ ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మందు ఉండదు. మీ బ్యాంకు ఖాతా, ఆధార్, సర్టిఫికెట్ల స్కాన్‌లు, మెయిల్ పాస్‌వర్డ్ అన్నీ అందులోనే ఉంటాయని మరవొద్దు. కొంతకాలానికి బ్రౌజర్లు, పరీక్షలకు వాడే సాఫ్ట్‌వేర్లు కూడా పాత విండోస్‌ను వదిలేస్తాయి. విండోస్ 7, 8 విషయంలో జరిగింది అదే.

‘ఇందులో విండోస్ 11 వేసి ఇస్తాం’ అని షాపువాళ్లు అంటారు. నిజమే, తనిఖీని తప్పించి 7500యు మీద కూడా వేయొచ్చు, నడుస్తుంది కూడా. కానీ అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్‌ను మీరే చేత్తో వేసుకోవాల్సి రావచ్చు. ఓపిక, తెలివిడి ఉన్నవాళ్లకు అది సరదా. రేపు ఉదయం పరీక్ష ఉన్నవాళ్లకు తలనొప్పి. కాబట్టి విండోస్ 11 ఉందా అని కాదు, ప్రాసెసర్ జాబితాలో ఉందా అని అడగండి. ఏఎండీ చిప్ ఉన్న ల్యాప్‌టాప్ కొంటున్నా మైక్రోసాఫ్ట్ సైటులోని జాబితాలో మోడల్ నంబరు వెతకండి.

మార్చుకోగలిగేవి, మార్చలేనిది

పాత ల్యాప్‌టాప్‌లో చాలావరకు తర్వాత మార్చుకోవచ్చు. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టొచ్చు. ఎక్కువ మోడళ్లలో ర్యామ్ పెంచుకోవచ్చు. బ్యాటరీ, కీబోర్డు, తెర సైతం దొరుకుతాయి. కానీ ‘యు’ రకం ప్రాసెసర్ మదర్‌బోర్డుకు అతికించి ఉంటుంది. పీకి వేరేది పెట్టడం కుదరదు. ఇవాళ ఏది కొంటే చివరిదాకా అదే.

అందుకే చేతిలో డబ్బు తక్కువైతే ముందు సరైన ప్రాసెసర్ తీసుకోండి. 8250యు, 8 జీబీ ర్యామ్‌తో దొరికితే చాలు. ఖాళీ స్లాటు ఉంటే తర్వాత స్టైపెండ్ వచ్చినప్పుడు ఇంకో 8 జీబీ వేసుకోవచ్చు. 7500యు, 16 జీబీ ర్యామ్‌తో కాస్త తక్కువకే వస్తోందని తీసుకుంటే, దాన్ని ఎనిమిదో తరానికి మార్చే దారి లేదు.

ఒక్క మినహాయింపు. పాత హార్డ్ డిస్క్ ఉన్న 8250యు కన్నా ఎస్‌ఎస్‌డీ ఉన్న 7500యు చేతికి చురుగ్గా అనిపిస్తుంది. విండోస్ తెరుచుకోవడం, ఫైళ్లు వెతకడం డిస్క్ మీదే ఎక్కువ ఆధారపడతాయి. షాపులో రెండూ పెట్టి చూసి ‘ఐ7 ఫాస్ట్‌గా ఉంది’ అని మోసపోవడానికి ఇదీ ఒక కారణం. డిస్క్ ఏ రకమో ముందు అడగండి.

ఇంట్లో ఇప్పటికే 7500యు ఉంటే?

అన్నయ్యో, మామయ్యో ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో 7500యు ఉందా? ఈ వ్యాసం చదివి దాన్ని పక్కన పడేయకండి. కొనడం వేరు, ఉన్నదాన్ని వాడుకోవడం వేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనేంత తీసికట్టు చిప్ కాదది.

హార్డ్ డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి. ర్యామ్ 4 జీబీయే అయితే 8 చేయండి. విండోస్ అప్‌డేట్ల చిక్కు వద్దనుకుంటే ఉబుంటు లాంటి లైనక్స్ వేసుకోవచ్చు. ఉచితం, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. సర్వర్లు ఎక్కువగా లైనక్స్ మీదే నడుస్తాయి కాబట్టి దాని కమాండ్లు నేర్చుకోవడం డెవాప్స్, క్లౌడ్, బ్యాకెండ్ ఉద్యోగాలకు నేరుగా పనికొస్తుంది. రెజ్యూమెలో ఒక వరుస దానికే కేటాయించొచ్చు.

ఒక జాగ్రత్త. కొన్ని నిఘా పరీక్షలకు వాడే సాఫ్ట్‌వేర్ లైనక్స్‌లో పని చేయదు. ఉదాహరణకు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ విండోస్‌కూ, యాపిల్ పరికరాలకూ మాత్రమే ఉంది. హాల్ టికెట్‌తో పాటు వచ్చే సూచనల్లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలో రాస్తారు. అది వారం ముందే చదివి, అవసరమైతే కాలేజీ ల్యాబ్‌లోనో, స్నేహితుల ల్యాప్‌టాప్‌లోనో రాసే ఏర్పాటు చేసుకోండి.

షాపులో పావుగంట

పైసలు ఇచ్చే ముందు ఈ పావుగంట మీదే. తొందరపెడితే తొందరపడకండి.

• స్టిక్కర్‌ను నమ్మొద్దు. అది కాగితం ముక్క, ఎవరైనా అతికించొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కండి. పైన ప్రాసెసర్ పూర్తి పేరు, కింద కోర్లు, లాజికల్ ప్రాసెసర్లు ఎన్నో కనిపిస్తాయి. 8250యు అయితే 4, 8 ఉండాలి.

• మోడల్ పేరు చూసి ఊహించొద్దు. లెనోవో థింక్‌ప్యాడ్ టీ470 ఏడో తరం నాటిది, టీ480 ఎనిమిదో తరం నాటిది. డెల్ లాటిట్యూడ్ 7480, 7490 కూడా అలాగే. హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840లో జీ4, జీ5 అంతే. కానీ ఈ కొత్త మోడళ్లలోనూ కొన్నింటిని ఏడో తరం చిప్‌తో అమ్మారు. చూడాల్సింది ప్రాసెసర్ నంబరునే.

• ఎనిమిదో తరం అనగానే నాలుగు కోర్లు అనుకోవద్దు. ఐ3-8130యుకు రెండే. కోర్లు లెక్కపెట్టుకోవాల్సిందే.

• చార్జర్ తీసేసి చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో ‘పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్’ అని కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ ఉంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చును బేరంలో తగ్గించమనండి.

• వేడి పరీక్ష చేయండి. నాలుగైదు హెచ్‌డీ వీడియోలు, డజను ట్యాబులు తెరిచి పది నిమిషాలు వదిలేయండి. ఫ్యాన్ గోల చేసినా, టాస్క్ మేనేజర్‌లో వేగం 1 గిగాహెర్ట్జ్ లోపే ఉండిపోతున్నా లోపల దుమ్ము పట్టిందనో, పేస్ట్ ఎండిపోయిందనో అర్థం. శుభ్రం చేసి ఇవ్వమనండి.

• తాళాలు చూడండి. ఇవి కంపెనీల నుంచి వచ్చినవి. ఒకసారి రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే వద్దనండి. విండోస్ మొదటిసారి తెరిచి ఇంటర్నెట్ ఇవ్వగానే ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే ఆ ల్యాప్‌టాప్ ఇంకా ఆ కంపెనీ పట్టులోనే ఉన్నట్టు. దాన్ని ముట్టుకోవద్దు.

• కెమెరా, మైకు, రెండు స్పీకర్లు, అన్ని యూఎస్‌బీ పోర్టులు, ప్రతి కీ నొక్కి చూడండి. ఇంటర్వ్యూ రోజు ‘సర్, మైకు పని చేయట్లేదు’ అంటే వినేవాళ్లుండరు.

• బిల్లు తీసుకోండి. ప్రాసెసర్ పూర్తి నంబరు, సీరియల్ నంబరు, వారంటీ ఎన్నాళ్లో అందులో రాయించండి. రాయడానికి వెనకాడే షాపులో కొనకపోవడమే మంచిది.

ఇంటర్వ్యూకీ ఇదే పాఠం

కంప్యూటర్ సైన్స్ ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే ప్రశ్నలు గుర్తు చేసుకోండి. ప్రాసెస్‌కూ థ్రెడ్‌కూ తేడా ఏంటి? కోర్లు రెట్టింపైతే ప్రోగ్రామ్ వేగం ఎందుకు రెట్టింపు కాదు? క్యాష్ మెమొరీ ఎందుకు? మల్టీథ్రెడింగ్ ఉన్నా పైథాన్‌లో లెక్కలు ఎందుకు వేగం పుంజుకోవు? వీటన్నింటికీ జవాబులు ఈ రెండు చిప్‌ల కథలోనే ఉన్నాయి.

ఒక చిన్న ప్రయోగం చేయండి. పది లక్షల లోపు ప్రధాన సంఖ్యలు లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాయండి. మొదట మామూలుగా నడిపి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. తర్వాత పైథాన్‌లోని మల్టీప్రాసెసింగ్‌తో రెండు, నాలుగు, ఎనిమిది ముక్కలుగా పంచి నడపండి. స్నేహితుల ల్యాప్‌టాప్‌లో వేరే చిప్ ఉంటే అక్కడా నడపండి. కోర్ల సంఖ్య దాటాక లాభం ఎలా తగ్గిపోతుందో మీ కళ్లతో చూస్తారు. ‘హైపర్ థ్రెడింగ్ అంటే?’ అని అడిగినప్పుడు పుస్తకంలోని వాక్యం అప్పజెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ‘నా ల్యాప్‌టాప్‌లో కొలిచి చూశాను, ఇలా వచ్చింది’ అని గ్రాఫ్ చూపించేవాళ్లు తక్కువ. ఆ ఫలితాలను గిట్‌హబ్‌లో పెడితే చిన్న ప్రాజెక్టు కూడా అవుతుంది.

చివరికి ఏది?

కొంటున్నట్టయితే ఐ5-8250యు. కోర్లు రెట్టింపు, క్యాష్ ఎక్కువ, విండోస్ 11కు అధికారిక మద్దతు. 8350యు, 8265యు, ఐ7-8550యు లాంటివి దగ్గర ధరలో దొరికినా సరే, అవీ నాలుగు కోర్లవే. ఇంకొంచెం పెట్టగలిగితే పదో తరం, పదకొండో తరం చూడండి. కొత్తదైన కొద్దీ విండోస్ మద్దతు ఇంకొన్నేళ్లు ఉండే అవకాశం ఎక్కువ.

ఐ7-7500యును ఇంట్లో ఉంటే వాడుకోండి, ఉచితంగా ఇస్తే తీసుకోండి. కొనాల్సి వస్తే మాత్రం 8250యు కన్నా బాగా తక్కువకు వస్తేనే, అదీ లైనక్స్ వేసుకునే ఉద్దేశం ఉంటేనే ఆలోచించండి. ఐ7 పేరుకోసం ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టొద్దు.

ఉద్యోగంలో చేరాక ఐటీ కంపెనీలు సాధారణంగా తమ ల్యాప్‌టాపే ఇస్తాయి. ఇప్పుడు మీరు కొనేది ఆఫర్ లెటర్ దాకా మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా తీసుకెళ్తే చాలు. దాని కోసం ఇంట్లోవాళ్లు అప్పు చేయనక్కర్లేదు. మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌సెట్ ఒకటి కొనుక్కోండి. అవతలివాళ్లకు మీ జవాబు స్పష్టంగా వినపడటం మీ ప్రాసెసర్ తరం కన్నా ముఖ్యం.